మల్లె మొగ్గతో మొదలై వేపపువ్వు దాకా: ఓరుగల్లు వైపు మార్చి ప్రయాణం

2025 మార్చి 16, ఆదివారం. ఇల్లు

మల్లెచెట్టుకు జనవరిలో చేసిన చాకిరీ మార్చిలో లెక్క తేలుతుంది. సంక్రాంతి దాటగానే నీళ్ళు ఆపేసి, రెండు వారాలు కొంచెం వాడనిచ్చి, ఆకంతా దూసి, కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరించిన చెట్టు ఇప్పుడు ఆకు కనపడనంతగా మొగ్గ తొడిగింది. పక్క కుండీలోది ఏడాది పొడుగునా నీళ్ళు తాగుతూ, కత్తెర ఎరగకుండా పెరిగింది. దానికి నిగనిగలాడే ఆకు తప్ప మరేం లేదు. మల్లెను కాస్త ఎండగట్టాలి. కత్తిరించాక కుండీ పైమట్టిని నాలుగు వేళ్ళ లోతు గుల్లచేసి, రెండు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి, అప్పుడు నిండుగా నీళ్ళు పెట్టాలి. అయిదారు వారాల్లో మొదటి మొగ్గలు వస్తాయి. రోజుకు అయిదారు గంటల ఎండ తగలకపోతే ఈ శ్రమంతా వృథా. యూరియా వేస్తే ఆకు వస్తుంది, పువ్వు రాదు.

మొగ్గ ఊదారంగుకు తిరిగి, పక్కన సూదిబెజ్జం కనబడితే లోపల పురుగు ఉన్నట్టు. అలాంటివి తుంచి చెట్టు కింద పడేస్తే లాభం లేదు, దూరంగా పూడ్చాలి. మిగతా చెట్టుకు లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట కొడితే చాలు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

కోత మధ్యాహ్నం మూడు దాటాక. అప్పటికి రాత్రి విచ్చే మొగ్గలు తెల్లబడి ఉబ్బి ఉంటాయి, రేపటివి ఇంకా పచ్చగా ఉంటాయి. తేడా తెలియక రెండూ కోస్తే మాలలో సగం విచ్చుకోదు. మూరకు వంద మొగ్గల పైనే పడతాయి, ఒత్తుగా కడితే ఇంకా ఎక్కువ. అరటినారను పది నిమిషాలు నానబెట్టి, గోటితో సన్నగా చీల్చి కట్టాలి. దారమైతే పొద్దున్నకి కాడల్ని కోసేస్తుంది.

ఇంటి చెట్టు చాలకపోతే హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూలమార్కెట్ ఉంది. తెల్లవారకముందే వెళ్ళాలి. ఏడు దాటాక మిగిలేది నీళ్ళు చల్లి నిలబెట్టిన సరుకే. విడి మల్లెమొగ్గ పావు కిలో 120 రూపాయలు పడింది. ఉగాది ముందురోజు అదే పావు ఎంత పలుకుతుందో అడగకపోవడమే మేలు. ఈ నెలలో అక్కడ మరువం పక్కనే దవనం కట్టలు కనిపిస్తాయి. బూడిదరంగు ఆకు, పువ్వు కంటికి ఆనదు, వాసనే దాని సొమ్ము. మల్లెమాలలో జానెడుకొక రెబ్బ చొప్పున పెడితే చాలు, ఎక్కువైతే మల్లె వాసనను మింగేస్తుంది.

మార్చి 20, గురువారం. భువనగిరి, కొలనుపాక, పెంబర్తి

ఉగాదికి పది రోజుల ముందు బయల్దేరడానికి ఓ లెక్క ఉంది. హోలీ వెళ్ళిపోయినా మోదుగ ఇంకా పూర్తిగా రాలలేదు. ఇప్పపువ్వు రాలడం అప్పుడే మొదలైంది. రేలచెట్టు పసుపు పూలు చూడాలంటే మాత్రం ఏప్రిల్ చివరిదాకా ఆగాలి, అప్పటికి రాతిగుళ్ళలో కాలు మోపలేం. మూడూ కావాలంటే కుదరదు.

భువనగిరి కొండ ఒకే బండ. దూరం నుంచి బోర్లించిన గుడ్డులా ఉంటుంది. పడమటి (కల్యాణి) చాళుక్యుల త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద ఆ ఊరికి పేరొచ్చింది. ఏడింటికల్లా మెట్ల దగ్గర ఉంటే తొమ్మిదికి దిగిపోవచ్చు. పైకి ముప్పావు గంట, ఊపిరి తీసుకుంటూ వెళితే గంట. తొమ్మిదిన్నర తరవాత బండ వేడెక్కడం మొదలవుతుంది, పైన నీడ తక్కువ, నీళ్ళు అమ్మేవాళ్ళుండరు. మనిషికి లీటరు నీళ్ళు కిందే కొనుక్కోవాలి. చదునైన అరికాలు బూట్లు నునుపుదేలిన మెట్ల మీద జారతాయి, గీతలున్నవే వేసుకోవాలి. దిగేటప్పుడే ఎక్కువమంది పడతారు.

ఈ చుట్టుపక్కల రాతిగుట్టల మీద ఆకు ఒక్కటీ లేని కొమ్మల చివర గిన్నెల్లాంటి పసుపుపచ్చ పూలు కనబడితే అది కొండగోగు. రోడ్డు మీంచి చూసి తంగేడు అనుకుంటారు చాలామంది. తంగేడుకు ఆకు ఉంటుంది, పూలు గుత్తులుగా చిన్నవిగా ఉంటాయి. కొండగోగు పువ్వు అరచేతి సగమంత.

ఆలేరు దగ్గర పక్కకు తిరిగి కొలనుపాక. మహావీరుడి పచ్చరాతి విగ్రహం దాదాపు 130 సెంటీమీటర్ల ఎత్తు, ఏకశిల అని చెబుతారు. జైనమందిరం లోపల ఫోటోలు కుదరవు, తోలు బెల్టు, తోలు పర్సు బయటే పెట్టాలి. నిక్కర్లతో వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపుతున్నారు, కోపం లేకుండానే. భోజనశాలలో ఉల్లి, వెల్లుల్లి, దుంపకూరలు ఉండవు, పొద్దుగూకాక వడ్డించరు. పప్పు పలచగా, రొట్టె పలచగా, కంచంలో వదిలేస్తే మాత్రం వడ్డించేవాళ్ళ చూపు మారుతుంది. కావలసినంతే పెట్టించుకోవడం అక్కడి మర్యాద. కొందరు కంచం కడిగిన నీళ్ళు కూడా తాగేస్తారు, చూసి వింతపడకూడదు.

ఊళ్ళోనే ఉన్న సోమేశ్వరాలయానికి వచ్చేవాళ్ళు తక్కువ. అసలు చరిత్ర అక్కడుంది. కల్యాణి చాళుక్యుల కాలంలో ఇది పెద్ద పట్టణం. వీరశైవుల నమ్మకంలో వాళ్ళ ఆదిగురువుల్లో ఒకడైన రేణుకాచార్యుడు లింగంలోంచి వెలసిన చోటు ఇదే. ఆవరణలోని శిల్పాలను, శాసనాలను వరసగా నిలబెట్టారు. ఒక పక్క జైన తీర్థంకరుడు, ఇంకో పక్క సప్తమాతృకలు, మధ్యలో నంది. ఒక్కో కాలంలో ఒక్కో మతం గెలిచి ఓడిన ఊరు ఇది.

పెంబర్తి ఇత్తడి పని జనగామకు ముందే రోడ్డు పక్కన ఉంటుంది. ఇది పోత పని కాదు, రేకు పని. తెలియక బరువు చూసి బేరమాడతారు చాలామంది. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరచి, లక్క పరిచిన పీట మీద బోర్లించి, వెనక నుంచి ఉలితో కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. తరవాత తిప్పి ముందునుంచి గీతలు తీరుస్తారు. రేకు గట్టిపడినప్పుడల్లా మళ్ళీ కాల్చాలి, లేదంటే ఉబ్బిన చోట చిట్లుతుంది. కాబట్టి ధర బరువుకు కాదు, ఉలి దెబ్బలకు. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అరచేతి వెడల్పు ద్వారతోరణం ముక్క ఒకటి 900 చెప్పి 750కి ఇచ్చారు. కొన్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "అన్నా, దీనికి పూత కొట్టిన్రా?" పూత కొట్టినదాన్ని చింతపండుతో తోమితే మచ్చలు మచ్చలుగా ఊడొస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడవడమే. పూత లేనిదాన్ని చింతపండు, ఉప్పుతో రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడి ఆరనిస్తే నల్లబడుతుంది.

మార్చి 21, శుక్రవారం. వరంగల్లు, హనుమకొండ

ఎనుమాముల మార్కెట్‌కు మార్చిలో వెళితే ముందు ముక్కు స్వాగతం చెబుతుంది. మిర్చి బస్తాలు గుట్టలు గుట్టలు, తడిరుమాలు లేనివాడు తుమ్ముతూనే తిరగాలి. బేరాలు పొద్దున్నే అయిపోతాయి, వారాంతంలో యార్డు మూస్తారు. ఇంటికి రెండు కిలోలు కావాలన్నవాడికి యార్డులో పని లేదు, బయటి కొట్లలో కొనాలి. ఆవకాయ ఇంకా రెండు నెలల దూరం ఉన్నా, కాయ కొనాల్సింది ఇప్పుడే. జూన్‌కు మిగిలేది నిల్వ సరుకు.

తేజ కాయ సన్నం, మంట ఎక్కువ. చపాట కాయ పొట్టిగా, లావుగా, టమాటాలా ఉంటుంది. మంట తక్కువ, రంగు మాత్రం చేతికి అంటుకుంటుంది. వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక కిలో తేజకు ఒక కిలో చపాట కలిపి పట్టిస్తే ఎరుపు, కారం రెండూ అమరుతాయి. ఉత్త తేజ పచ్చడి తినలేం, ఉత్త చపాట పచ్చడికి పౌరుషం ఉండదు. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి. వంచితే విరగాలి, వంగితే తేమ ఉన్నట్టు, నెలకు బూజు పడుతుంది. తెల్లమచ్చల తాలుకాయ కలిపారేమో బస్తా అడుగున చెయ్యిపెట్టి చూడాలి, పైన ఎప్పుడూ మంచికాయే ఉంటుంది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా రాయి జోలికి పోకూడదు. ఈ ప్రయాణం మొత్తానికి సూత్రం అదే. ఆ గంటలు తిండికి, నిద్రకు, కొత్తవాడలో నేసే జంపఖానాలకు (నూలు తివాచీలకు). నేత దుప్పటి కొనేటప్పుడు అంచు తిరగేసి చూడాలి. రంగు రెండువైపులా ఒకేలా ఉంటే మంచి నేత. తెల్ల రుమాలు తడిపి రుద్దితే రంగు అంటకూడదు.

భోజనం హనుమకొండలో ఒక ఇంటి మెస్సులో. చింతచిగురు పప్పు, పచ్చిపులుసు, పుంటికూర (గోంగూర), జొన్నరొట్టె, 130 రూపాయలు. చింతచిగురు అప్పుడే వస్తోంది. లేతది చేత్తో నలిపితే పిండిలా విడిపోవాలి, ఈనె తగిలితే ముదిరినట్టు. పప్పులో వేసేముందు అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఏరి, పప్పు ఉడికాకే కలపాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు బద్ద ఉడకదు. వడ్డించే పెద్దమ్మ చెయ్యి ఆగదు. "ఇంకింత పెట్టుకో బిడ్డా, ఎండల తిరిగి అచ్చిన్రు" అంటే వద్దనడం కుదరదు, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి పప్పు పడుతుంది.

సాయంత్రం తినేది సర్వపిండి. మనిషిని బట్టి సర్వప్ప, గంజుపిండి అని పేర్లు మారతాయి. బియ్యప్పిండి 2 గ్లాసులు, గంట నానిన శనగపప్పు గుప్పెడు, దంచిన పల్లీలు గుప్పెడు, నువ్వులు 2 చెంచాలు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు. గోరువెచ్చని నీళ్ళతో చపాతీ పిండి కంటే మెత్తగా కలిపి, అడుగు గుండ్రంగా ఉన్న గంజులో నూనె రాసి, లోపలి గోడల మీదికి కూడా పలచగా తట్టాలి. వేలితో ఏడెనిమిది బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో చెంచాడు నూనె వేసి, మూత పెట్టి సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. తిరగెయ్యడం ఉండదు. మధ్యలో మందమైతే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. రెండోది తట్టేముందు గంజును బోర్లించి వెనక నీళ్ళు పోసి చల్లార్చాలి. వేడి గంజులో తడితే పిండి అంటుకోదు, చెయ్యి కాలుతుంది. అందుకే సర్వపిండి చేసే ఇళ్ళల్లో ఒకేలాంటి గంజులు రెండుంటాయి.

కాకతీయుల కోట ఖిలా వరంగల్‌కు నాలుగు గంటలకు. మట్టికోట దాటాక రాతికోట, రెండింటి మధ్యా పొలాలు, ఇళ్ళు, బడికి పోయే పిల్లలు. ఇది ఖాళీ కోట కాదు, కాపురముంటున్న కోట. రాతిగోడను గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేయించింది. ద్వారంలోంచి దారి తిన్నగా పోదు, లోపలికి రాగానే అడ్డంగా తిరుగుతుంది. ఏనుగుతో తలుపును గుద్దించాలంటే పరుగు తీసే చోటు ఉండకూడదని ఆ మలుపు. ఇప్పుడు ఆ మలుపులో ఎదురొచ్చే ఆటోలు తెలియవు. హారన్ కొట్టి, ఒక క్షణం ఆగి తిరగాలి.

తోరణాల ఆవరణకు 25 రూపాయల టికెట్. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ శివాలయం రాళ్ళుగా పడి ఉంది. తోరణం మీద దేవుళ్ళ బొమ్మలు కావవి, హంసలు, మొగ్గలు, దండలు. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయాక కూడా అవి నిలబడటానికి అదే కారణమంటారు. రాతితో కట్టిన పూలదండ వేలాడుతున్నట్టే ఉంటుంది, మొగ్గ కిందికి చూస్తూ. పడిన రాళ్ళ మీద కూర్చుని ఫోటో దిగేవాళ్ళని కాపలావాళ్ళు లేపుతున్నారు. లేపాల్సిందే. పొద్దు వాలేటప్పుడు పడమటి తోరణంలోంచి తూర్పు తోరణం వైపు చూస్తే రాయి బెల్లం రంగుకు తిరుగుతుంది. ఆ రంగు పదిహేను నిమిషాల కంటే నిలవదు. దగ్గర్లోని పాత దర్బారు కట్టడం ఖుష్ మహల్, ఒకప్పుడు ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో చలామణి అవుతోంది. ఏటవాలు గోడల మధ్య లోపల చల్లగా ఉంటుంది, గబ్బిలాల వాసన భరించగలిగితే.

వేయిస్తంభాల గుడి హనుమకొండ నడిబొడ్డున. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం: శివుడు, విష్ణువు, సూర్యుడు. స్తంభాలను లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, వెయ్యి మాత్రం తేలదు. ఏళ్ళ తరబడి విప్పి పెట్టిన కల్యాణమంటపం 2024 మార్చిలో శివరాత్రికి మళ్ళీ తెరిచారు. పాతరాయికి, కొత్తరాయికి తేడా వేలితో తడిమితే తెలుస్తుంది. పాతది అద్దంలా జారుతుంది. కొత్తదాని మీద ఉలి గరుకు ఇంకా ఉంది. రాత్రి ఏడు దాటాక రాయి చల్లబడుతుంది, ఊరివాళ్ళు అప్పుడే వస్తారు. ఆడవాళ్ళ జడల్లో మల్లెలు, కనకాంబరాలు. బయట మూర 20, రెండు మూరలు 30. అమ్మే అవ్వ మూరను మోచేతి నుంచి నడిమివేలి చివరికి కొలుస్తుంది, చిన్న చెయ్యి ఉన్నవాళ్ళ దగ్గర నష్టమే.

మార్చి 22, శనివారం. పాలంపేట, గణపురం

ములుగు రోడ్డు మీద అడవి మొదలైన చోట మోదుగ. ఆకు లేదు. కొమ్మంతా చిలకముక్కుల్లాంటి ఎర్రనారింజ పూలు, ప్రతి చెట్టు మీదా గోరింకల గోల. మోదుగ పువ్వులో తేనె ఎక్కువ, వాటి తలల మీద పసుపు పుప్పొడి అంటుకుని ఉంటుంది. కింద రాలినవి చాలు, కొమ్మ విరవక్కర్లేదు. రంగు తీయాలంటే అరకిలో పువ్వును మూడు లీటర్ల నీళ్ళలో ఇరవై నిమిషాలు మరిగించి రాత్రంతా వదిలేయాలి. పసుపునారింజ వస్తుంది. అందులో శనగగింజంత తడి సున్నం కలిపితే ఎరుపు వైపు తిరుగుతుంది. సున్నం ఎక్కువైతే చర్మం మండుతుంది. ఇనుపగిన్నెలో మరిగిస్తే రంగు మాసిపోయి బురదలా అవుతుంది, స్టీలు గిన్నె మేలు. తెల్ల నూలుబట్టకు పట్టిన రంగు నాలుగు ఉతుకులకు పోతుంది, హోలీకి కావలసింది అదే.

పాలంపేటలోని రామప్ప గుడికి ఎనిమిదిలోపు చేరాలి. గుడి తూర్పుముఖం, చూరు కింద నల్లరాతి మదనికల (నాట్యభంగిమల్లోని స్త్రీ బొమ్మల) మీద అప్పుడే ఎండ పక్కనుంచి పడుతుంది. పదకొండు దాటితే చూరు నీడలో నల్లరాయి నల్లగానే మిగిలిపోతుంది, ఫోటోలో ఏమీ రాదు. 1213 నాటి శాసనం ప్రకారం గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. పేరు మాత్రం శిల్పిదంటారు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

గోడలు ఎర్రటి ఇసుకరాయి. మదనికలు, స్తంభాలు గట్టి నల్లరాయి. శిఖరం ఇటుక, నీళ్ళలో తేలే ఇటుక. లోపలంతా సన్నసన్న గాలిబొక్కలు కాబట్టి నీటికంటే తేలిక. పునాది గుంతలో ఇసుక నింపి పైన కట్టారు కాబట్టి భారం సర్దుకుంటుంది, భూమి కదిలినా అదురు మెత్తబడుతుంది. అయినా నేల మాత్రం సమంగా లేదు. లోపలి మంటపంలో రాళ్ళు అక్కడక్కడ ఎత్తుపల్లాలు అయ్యాయి, పైకి చూస్తూ నడిచేవాళ్ళు తట్టుకుంటారు. ముందు కాళ్ళకింద చూసుకుని, నిలబడి, తరవాత తలెత్తాలి.

గైడ్లు చూపించేవి నాలుగు. ఎత్తుమడమల చెప్పులు వేసుకున్న మదనిక. ఎటువైపు నుంచి చూసినా మనవైపే చూస్తున్నట్టుండే నంది. గర్భగుడి ద్వారం పక్కన చెట్టు కింద వేణువూదే కృష్ణుడు, కొట్టి చూస్తే రాయి పలుకుతుంది. స్తంభం మీద సూది దూరేంత సన్నని బెజ్జాల చెక్కుడు. కృష్ణుణ్ణి మాత్రం గోటితోనే తట్టాలి, నాణెంతో కొట్టేవాళ్ళ వల్ల అక్కడ మెరుగు అరిగిపోయింది. గైడ్లు చూపించనిది అడుగున ఉంది. పీఠం మీద వరసగా పోయే ఏనుగుల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. పిల్లలకు ఆ పని అప్పగిస్తే అరగంట మాట్లాడరు. లోపలి నాట్యశిల్పాలను చూసి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి యోధుల నాట్యం పేరిణి తాండవాన్ని మళ్ళీ నిలబెట్టారు. స్తంభాల దగ్గర కాలు ఎత్తి, మోకాలు వంచి ఆ భంగిమను ప్రయత్నించేవాళ్ళు రోజుకు పదిమందైనా ఉంటారు, నిలబడగలిగినవాళ్ళు కనబడలేదు.

ఇక్కడ చెప్పాల్సిన సంగతి సాక్సులు. చెప్పులు బయట విడిచాక గుడి చుట్టూ రాతిబాట. పదింటికే కాళ్ళు చురుక్కుమంటాయి. మందపాటి నూలు సాక్సులు వేసుకుంటే ఎవరూ కాదనరు. నైలాన్‌వి నునుపురాయి మీద జారతాయి. గడ్డి మీదుగా నడుద్దామంటే పల్లేరుకాయలు.

గణపురం కోటగుళ్ళు రామప్ప నుంచి పది కిలోమీటర్లు. తప్పు దారి పట్టింది ఇక్కడే. ఫోన్‌లో ఘనపూర్ అని కొడితే వంద కిలోమీటర్ల పైన చూపించింది. అనుమానం రావాలి కదా, రాలేదు. వచ్చిన దారినే ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి పోయాక పెట్రోల్ బంకులో అడిగితే అతను నవ్వాడు. "ఏ గణపురం అన్నా? స్టేషన్‌దా, ములుగుదా?" స్టేషన్ ఘనపూర్ హైదరాబాద్ దారిలో, వరంగల్లుకు, జనగామకు మధ్య ఉంది. గుళ్ళున్నది భూపాలపల్లి జిల్లా గణపురం. "గిట్ల ఎన్కకు పోండ్రి, రామప్ప కాన్నుంచి లోపటి తొవ్వ ఉంటది" అని చెయ్యి చూపించి, బండి తిరిగేదాకా రోడ్డు మీద నిలబడ్డాడు. ఫోన్‌లో "కోటగుళ్ళు" అని కొడితే తిన్నగా తీసుకెళుతుంది.

గణపతిదేవుడి పేరున్న గణపేశ్వరాలయం చుట్టూ చిన్నగుళ్ళు, అన్నీ కలిపి 22. రామప్పలో వందమంది ఉంటే ఇక్కడ ఆరుగురు. చిన్నగుళ్ళ రాళ్ళు ఒకదానిమీద ఒకటి నిలబడి ఉన్నాయంతే. ఎక్కకూడదు, సందుల్లో చెయ్యి పెట్టకూడదు, పాములుంటాయి. రావిచెట్టు కొత్తాకు రాగిరంగులో మెరుస్తూ ఉంది, ఆ నీడలోనే మధ్యాహ్నం గడిచింది. చెట్టుకింద పుచ్చకాయ కోసి అమ్మే ఆమె, కాయను కొట్టి చూసి "ఇది గాదు, ఆగు" అని తనే పక్కన పెట్టి మరొకటి తీసింది. కాయ 60 రూపాయలు, ఉప్పుకారం ఉచితం.

మార్చి 23, ఆదివారం. ములుగు అవతలి అడవి

ఇప్పపువ్వు చూడాలంటే రాత్రి అడవి దగ్గరే ఉండాలి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎనిమిదికల్లా ఏరేస్తారు. పుల్లటి తీపి కలిసిన వాసన చెట్టు కనబడకముందే తెలుస్తుంది. మీగడరంగు, కండగల రేకుల ముద్ద, ద్రాక్షపండంత. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉండి, చివర్లో కొంచెం గొంతు పట్టుకుంటుంది. రెండు మూడింటితో ఆపాలి, పచ్చివి ఎక్కువైతే తల తిరుగుతుంది.

ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు, బయటివాళ్ళకే తెలియదు. అడగకుండా ఏరకూడదు. "పెద్దమ్మా, చూడొచ్చా?" అంటే దగ్గరకు రానిస్తారు, బుట్టలో చెయ్యి పెట్టమంటారు. చీకట్లో ఒక్కరే వెళ్ళకూడదు, ఎలుగుబంటికి ఈ పువ్వంటే ప్రాణం. ఏరడం తేలికవ్వాలని చెట్టు కింద ఎండుటాకుకు నిప్పుపెట్టే అలవాటు ఉంది. మార్చి గాలికి అది అడవంతా పాకుతుంది. కొందరు ఇప్పుడు చెట్టు కింద వల పరుస్తున్నారు. ఆకు ఊడ్చే బాధ లేదు, పువ్వుకు మట్టి అంటదు, కాల్చే పనీ లేదు.

ఎండబెట్టడం నాలుగు రోజులు. పలచగా పరవాలి, గుట్టగా పోస్తే లోపల పులిసి సారావాసన వస్తుంది. ఎండాక ఎండుద్రాక్ష రంగు. లడ్డూకు పావు కిలో ఎండుపువ్వును గబగబా కడిగి మళ్ళీ ఆరబెట్టి, మూకుడులో సన్నమంట మీద కరకరలాడేదాకా వేయించాలి. పావు కిలో పల్లీలు, వంద గ్రాముల నువ్వులు విడిగా వేయించి, నూటయాభై గ్రాముల బెల్లంతో కలిపి దంచాలి. పువ్వు సరిగ్గా వేగకపోతే లడ్డూ జిగటగా సాగుతుంది, రెండో రోజుకే వాసన మారుతుంది.

మోదుగాకు విస్తళ్ళు ఇక్కడ కట్ట 100కు 150 రూపాయలు. ఎండినవి విరుగుతాయి, వాడేముందు నీళ్ళు చిలకరించి అరగంట తడిబట్ట కప్పాలి. నాలుగు రోజుల్లో తిరిగింది సుమారు 500 కిలోమీటర్లు, పెట్రోలుకు మూడున్నర వేలు దాటింది. గుళ్ళకు, కోటకు టికెట్లన్నీ కలిపినా దానిలో పదోవంతు కాలేదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది, ఇల్లు

వేపపువ్వు బజార్లో కొంటే సగం పుల్లలు. ఇంటి దగ్గర చెట్టుంటే ముందురోజు పొద్దున్నే కింద దుప్పటి పరిచి కొమ్మ ఊపాలి, విచ్చినదే రాలుతుంది. చేటలో పోసి ఊదితే రేకులు ఎగిరిపోతాయి కాబట్టి చెరగకూడదు, చేత్తోనే కాడలు ఏరాలి. మిగిలింది నీడలో మూడు రోజులు ఆరబెట్టి సీసాలో పోస్తే ఏడాదంతా చారుకు వస్తుంది. ఎండలో పెడితే నల్లబడి చేదు మొరటుగా మారుతుంది.

ఉగాది పచ్చడికి, ఆరుగురికి నిమ్మకాయంత కొత్త చింతపండు, లీటరు నీళ్ళు, 150 గ్రాముల బెల్లం, చిన్న మామిడికాయ సన్నగా తరిగింది, చిటికెడు ఉప్పు, అర చెంచా మిరియాలపొడి లేదా కొంచెం కారం. తెలంగాణ ఇళ్ళల్లో కొత్తకుండలో పలచగా కలిపి గ్లాసులతో తాగుతారు, పుట్నాలు, కొబ్బరి, అరటిపండు కూడా పడతాయి. కోస్తావైపు చిక్కగా, చెంచాతో. ఎవరి పద్ధతి అసలైనదన్న గొడవ ఏటా ఉండేదే, రెండిట్లోనూ పులుపు కొత్త చింతపండుదే అయ్యుండాలి. పాతది నల్లగా ఉండి బెల్లాన్ని మింగేస్తుంది. కొత్తకుండను ముందురోజు రాత్రి నీళ్ళు నింపి ఉంచకపోతే సగం పచ్చడి అదే తాగుతుంది. వేపపువ్వు గుప్పెడు చివర్లో, పూజకు పెట్టే ముందు వెయ్యాలి. పొద్దున్నే వేసి మధ్యాహ్నం పోస్తే చేదు నీళ్ళలోకి దిగి పిల్లలు మొదటి గుక్కకే గ్లాసు దించేస్తారు.

బచ్చాల (బొబ్బట్ల) కోసం తెచ్చిన మోదుగ విస్తళ్ళలో రెండు దారిలోనే విరిగాయి. వాటిని కలిపి కుట్టడానికి వేపపుల్ల చాలు, సన్నగా చీల్చి, కొన వాడిగా చెక్కి.